పెండ్లాడుటలో ఆట ఎవరిది?

తెలుగులో ఒకే పెళ్లికి రెండు క్రియలు. వధూవరులు పెళ్లాడతారు, తండ్రి పెళ్లి చేస్తాడు. ముహూర్తం ఒకటే, పందిరి ఒకటే, వంటవాళ్ల పద్దు ఒకటే. మనిషిని బట్టి క్రియ మారిపోతుంది. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న సామెత తండ్రి కోసం పుట్టిందే. పెళ్లాడి చూడు అని మాత్రం ఎవరూ ఎవరినీ హెచ్చరించలేదు. ఆ సంగతి ఆడినవాళ్లకే ఎరుక.

ఈ తేడా మీదికి నా చూపు మళ్లించింది ఈమధ్య మన రిసెప్షన్లలోకి వచ్చిన ‘ఫాదర్ డాటర్ డాన్స్’. అమెరికా పెళ్లిళ్లలో ఇది పాత మర్యాదే. విందు వేళ ముందు కొత్త దంపతులు ఆడతారు. ఆ తర్వాత పెళ్లికూతురి చెయ్యి పట్టుకుని తండ్రి హాలు మధ్యకు వస్తాడు. ఒక నెమ్మది పాట, రెండు జతల కాళ్లు, అంతే. డాలస్‌లో, న్యూజెర్సీలో కాపురాలు పెట్టిన తెలుగువాళ్లు దీన్ని జీలకర్ర బెల్లం తర్వాత వరుసలో చేర్చుకున్నారు. ఇప్పుడు హైదరాబాదు ఫంక్షన్ హాళ్లలోనూ కనిపిస్తోంది. దీని అర్థమేమిటని అడిగితే చాలామంది కన్నీళ్ల గురించి చెబుతారు. నేను ధాతువుల గురించి చెబుతాను.

ముందు పెళ్లి. పాత రూపం పెండిలి. అది పెండ్లి అయింది, కోస్తాలో పెళ్లిగా నునుపెక్కింది. తెలంగాణ నోట ఇప్పటికీ పెండ్లే. ద్రావిడ భాషల్లో ‘పెణ్’ అంటే స్త్రీ. తమిళంలో ఆ మాటకు ఆడది, కూతురు, పెళ్లికూతురు అని మూడు అర్థాలూ ఉన్నాయి. కన్నడంలో పకారం హకారమై ‘హెణ్ణు’ అయింది. మన పెండ్లామూ, పోతు పెంటి అనే జంటలోని పెంటీ ఆ ఇంటివాళ్లే. అంటే పెండ్లి అన్న మాటలో వరుడి ఊసే లేదు. ఊరేగింపులో గుర్రమెక్కేది అతడైనా, మాట మాత్రం అమ్మాయిది.

రెండో సగం ‘ఆడు’. ఈ ధాతువు మన భాషలో తిరగని చోటు లేదు. దీని అసలు అర్థం కదలడం, ఊగడం. ఊపిరి ఆడుతుంది, గాలి ఆడుతుంది, కంగారులో కాలూ చెయ్యీ ఆడవు, నెలాఖరులో చేతిలో డబ్బు ఆడదు. పిల్లలది ఆట, తోలుబొమ్మలది ఆట, సినిమా హాల్లో మొదటి ఆట, రెండో ఆట. ఆ బొమ్మ బాగుంటే వంద రోజులు ఆడుతుంది. కర్రలతో ఆడితే కోలాటం. తెలంగాణలో ఆశ్వయుజం రాగానే ఆడవాళ్లు బతుకమ్మ ఆడతారు. ఆడటమంటే నర్తించడమన్న పాత అర్థం అక్కడ చెక్కుచెదరలేదు.

తమిళదేశంలో దీనికి ఇంకా పెద్ద గౌరవం దక్కింది. తంజావూరు పెద్ద గుడి శాసనాల్లో నటరాజు పేరు ‘ఆడవల్లాన్’, అంటే ఆటలో ఆరితేరినవాడు. అదే పేరుతో ఒక కొలత కూడా రాజరాజ చోళుడి కాలంలో వాడుకలో ఉండేది. దేవుడి నాట్యానికీ ధాన్యం కొలతకూ ఏమిటి సంబంధం? తాళం తప్పనివాడి పేరు పెడితే కొలత తప్పదని కాబోలు.

ఇంతగా చేతులు మారిన ధాతువు అరగక మానుతుందా? మాట్లాడు, పోట్లాడు, కొట్లాడు, వేటాడు, వెంపర్లాడు. వీటిలో ఎవరూ గజ్జె కట్టలేదు. నామవాచకం పక్కన చేరి దాన్ని క్రియగా మార్చే ఉద్యోగమొకటే ‘ఆడు’కు మిగిలింది. బిడ్డను కన్న తల్లిని ‘నీళ్లాడింది’ అనేవాళ్లు. ఆ నొప్పుల్లో ఆటెక్కడిది? పెండ్లాడులోని ఆడూ అలా అరిగిందే. కానీ అరిగిన నాణెం మీద కూడా వేలితో తడిమితే బొమ్మ గీతలు తగులుతాయి. మాట్లాడటం, పోట్లాడటం, కొట్లాడటం – ఇద్దరుంటే గాని జరగని పనుల మీద ‘ఆడు’కు మక్కువ ఎక్కువ. ఒంటరిగా పోట్లాడటం ఎవరి తరమూ కాదు. ఒంటరిగా మాట్లాడేవాణ్ని చూస్తే జనం పక్కకు తప్పుకుంటారు.

ఇక సముద్రం దాటుదాం. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో పెళ్లికి ఒక పేరు ‘బ్రూడ్‌లాక్’. బ్రూడ్ అంటే పెళ్లికూతురు, నేటి బ్రైడ్. లాక్ అంటే ఆట. దీని చుట్టం గోతిక్ భాషలో ‘లైక్స్’. నాలుగో శతాబ్దపు గోతిక్ బైబిలులో, తప్పిపోయిన కొడుకు ఇంటికి తిరిగొచ్చిన సంబరంలో పెద్దకొడుకు చెవిని పడ్డ నాట్యపు సందడికి వాడింది ఈ మాటనే. పెణ్ పక్కన ఆడు, బ్రూడ్ పక్కన లాక్. అవయవానికి అవయవం సరిపోయింది.

అరుగుదలలోనూ పోలికే. పాత ఇంగ్లీషులో ‘ఫెయొహ్త్‌లాక్’ అంటే పోట్లాట. ఫైట్ పక్కన ఆట చేరింది, మనకు పోటు పక్కన చేరినట్టే. దోపిడీకి ‘రేయాఫ్‌లాక్’ అన్నారు. అక్కడా ఆటలోంచి ఆట జారిపోయి వట్టి పని మిగిలింది. తర్వాత ఆ మాటలన్నీ రాలిపోయాయి. ఇప్పటి ఇంగ్లీషులో ఒక్కటే నిలిచింది: వెడ్‌లాక్.

వెడ్‌లాక్ అనగానే తలుపు తాళం గుర్తొచ్చి నిట్టూర్చే భర్తలు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. వాళ్ల నిట్టూర్పుకు వ్యుత్పత్తి బలం లేదు. అందులోని లాక్ ఈ ఆట లాకే. అది తలుపుకు వేసే తాళం కాదు, వేస్తే గీస్తే పాటకు వేసే తాళం. ముందున్న వెడ్‌కు అర్థం పూచీ, ఒట్టు. జీతాన్ని చెప్పే వేజ్ దాని దాయాది. పూచీ సగం, ఆట సగం. సంసారానికి ఇంతకంటే నిజాయితీ గల సమాసం నాకు తోచదు.

ఆ లాక్ చుట్టాల్లో ఇంకొకటి మన ఇళ్లలోనే ఉంది. డేనిష్ భాషలో ఆటను ‘లెగ్’ అంటారు. 1934లో బిల్లుండ్ అనే ఊళ్లో బొమ్మలు చేసే ఒక వడ్రంగి, బాగా ఆడుకో అని అర్థమిచ్చే ‘లెగ్ గొట్’ను కుదించి తన కంపెనీకి లెగో అని పేరు పెట్టాడు. రాత్రిపూట పిల్లల గదిలో కాలి కింద గుచ్చుకునే ఆ ఇటుకముక్కా వెడ్‌లాక్ తోకా ఒక తల్లి బిడ్డలే.

ఇది చూసి తెలుగుకూ ఇంగ్లీషుకూ చుట్టరికం కలిపే ఉత్సాహవంతులు బయల్దేరతారేమోనని నా భయం. చుట్టరికం లేదు. రెండు భాషలు, ఒకదాని మొహం ఒకటి చూడకుండా, పెళ్లి అనే మలుపు దగ్గర ఒకే దారి తొక్కాయి. నాకు ముచ్చటగా తోచేది అదే. అప్పు తెచ్చుకున్న మాటలో ఇంత రుచి ఉండదు.

ఉత్తరాదిన స్కాండినేవియా వాళ్లకు ఆట చాలలేదు, పరుగు కావాలన్నారు. పాత నార్స్‌లో పెళ్లి ‘బ్రూద్‌హ్లౌప్’, అంటే పెళ్లికూతురి పరుగు. స్వీడిష్, డేనిష్ భాషల్లో నేటికీ పెళ్లికి దాని వారసులే పేర్లు. పుట్టింటి నుంచి మెట్టినింటికి ప్రయాణమే ఈ పరుగు అని ఒక వివరణ. అలాగైతే సంస్కృత వివాహం దానికి పక్కింటిదే. వివాహంలోని ‘వహ్’ అంటే మోసుకుపోవడం. వాహనం కూడా ఆ ధాతువు నుంచే వచ్చింది. పెళ్లికారుకు పూలదండలు కట్టే కుర్రాడికి ఈ వ్యుత్పత్తి విడిగా చెప్పనక్కర్లేదు.

పరిణయం సంగతి మరీ బాగుంటుంది. ‘నీ’ ధాతువుకు నడిపించడమని అర్థం, ‘పరి’ అంటే చుట్టూ. అగ్ని చుట్టూ వధువును నడిపించడం పరిణయం. ఇదే ధాతువుకు ‘అభి’ చేర్చితే అభినయం. అర్థాన్ని చూసేవాడి ఎదుటికి నడిపించేది అభినయమని నాట్యశాస్త్రం చెప్పే వ్యుత్పత్తి. పెళ్లీ నాట్యమూ సంస్కృతంలో తోబుట్టువులన్నమాట. నాయకుడూ ఆ కడుపునే పుట్టాడు. పడమటి జంట నాట్యాల్లోనూ ఒకరు నడపాలి, ఒకరు వెంట నడవాలి. ఫాదర్ డాటర్ డాన్సులో నడిపేది పేరుకు తండ్రే. ఎడమ కాలు ఎప్పుడు వెయ్యాలో అతని చెవిలో చెబుతున్నది మాత్రం కూతురు.

కూతురి పేరు దగ్గర కాసేపు ఆగాలి. ఆడపిల్ల ‘ఆడ’ పిల్లే గాని ‘ఈడ’ పిల్ల కాదని మనవాళ్లు పెద్ద సత్యంలా చెప్పుకుంటారు. వినడానికి చమత్కారం, వ్యుత్పత్తికి అబద్ధం. అక్కడ అనే ‘ఆడ’ దూరాన్ని చూపే ‘ఆ’ లోంచి వచ్చింది. స్త్రీని చెప్పేది వేరు; పాత నిఘంటువుల్లో అది ‘ఆఁడు’, నడుమ అరసున్న ఉంటుంది. ఆలుకు బహువచనం ఆండ్రు కదా, ఆ సున్న శేషమే ఇది. నర్తించే ‘ఆడు’కు అరసున్న లేదు. అచ్చులో అరసున్నలు ఎత్తేశాక ఈ మాటలు మూడూ ఒకే వేషంలో తిరగడం మొదలెట్టాయి. పాపం, ఆ వేషం చూసి మోసపోయి ఎన్ని తరాల ఆడపిల్లల్ని పుట్టింట్లో చుట్టపుచూపు మనుషుల్ని చేశామో!

ఈ పాపం తెలుగువాళ్లది మాత్రమే కాదు. యాస్కుడు నిరుక్తంలో ‘దుహిత’ అన్న మాటకు వ్యుత్పత్తులు చెబుతూ, దూరంగా ఉంటేనే హితమైనది అని కూడా ఒకటి కలిపాడు. ఆడ పిల్ల శ్లేషకు అది తాతముత్తాతల నాటి సంస్కృత ప్రతి. పాలు పితకడం అన్న అర్థం గల ‘దుహ్’ ధాతువునూ అక్కడే చెప్పాడు. దాన్ని పట్టుకుని పందొమ్మిదో శతాబ్దంలో మాక్స్‌ముల్లర్ వంటివారు ఆదిమ ఆర్యుల ఇంట్లో కూతురు పాలు పితికేదని ఒక అందమైన బొమ్మ గీశారు. ఇప్పటి భాషావేత్తలు ఆ బొమ్మను గోడ మీంచి దించేశారు. దుహిత, పారసీ దుఖ్తర్, గ్రీకు థుగాతేర్, ఇంగ్లీషు డాటర్ ఒకే మాట అన్నంతవరకే ఖాయం. ఆ తొలి మాట వెనక ఏ పని ఉందో, అసలు పని ఉందో లేదో తేలదు. అన్ని వేల ఏళ్లు అంత దూరం నడిచినా పెద్దగా మారని మాట అది. దూరే హిత అన్నవాళ్లకు భాషే బదులు చెప్పిందనుకోవచ్చు.

మళ్లీ తండ్రి దగ్గరికి. మన పెళ్లిపీటల మీద ఆయన క్రియలు ఏమిటి? అల్లుడి కాళ్లు కడుగుతాడు. నీళ్లు ధారపోస్తాడు. కన్యను ఇస్తాడు. చివర అప్పగిస్తాడు. ఇంగ్లీషు చర్చిలోనూ ఇదే తీరు: ఈ స్త్రీని ఇచ్చేదెవరని పురోహితుడు అడిగే ప్రశ్న 1549 నాటి ప్రార్థనా గ్రంథంలోనే ఉంది. ఎక్కడైనా వ్యాకరణం ఒకటే. తండ్రి కర్త, కూతురు కర్మ, అల్లుడు చతుర్థీ విభక్తి. ఆట భాగమంతా పిల్లలది: తలంబ్రాల పోటీ, పూలబంతులాట, బిందెలో ఉంగరం తీసే ఆట. తెల్లవారుజామునుంచి ఉపవాసం ఉన్న తండ్రి పక్కన నిలబడి చూస్తాడు, లేదా వంటశాలలో పప్పు సరిపోతుందో లేదో కనుక్కుంటాడు.

అప్పగింతను నేను తప్పుపట్టను. గిన్నెలో పాలు పోసి, అందులో అమ్మాయి చేతులు ముంచి అత్తమామల చేతుల్లో పెట్టే ఆ ఘట్టం దగ్గర రాయి కూడా కరుగుతుంది. కానీ మాట మీద ఒక అపవాదు ఉంది. అప్పగింతలో అప్పు ఉందని చాలామంది నమ్మకం; పెళ్లి చేసిన తండ్రికి ఆ నమ్మకం కలిగితే తప్పుపట్టలేం. నిజానికి అందులో ఉన్నది ‘ఒప్పు’. ఒప్పగించు అన్న రూపం మన నిఘంటువుల్లో ఉంది. ఒకారం అకారమై అప్పగించు అయింది. బళ్లో పద్యం ఒప్పజెప్పడమే అప్పజెప్పడం అయినట్టు. సాక్ష్యం కావాలంటే కన్నడ పెళ్లికి వెళ్లండి. అక్కడ ఈ తంతు పేరు ‘హెణ్ణు ఒప్పిసువ శాస్త్ర’. ఒప్పు అంటే తగి ఉండటం, సరేననడం. ఒప్పందం, ఒప్పుకోలు, ఒప్పులకుప్ప అన్నీ ఆ గింజవే. అంటే అవతలివాళ్ల చేత ఒప్పించుకుని చేతిలో పెట్టడం. ఆ ఒప్పుకోవడాల్లో అమ్మాయి ఒప్పుకోలు ఎప్పుడు ఎవరు అడిగారన్నది మాట చెప్పదు, పాతకాలపు పెళ్లి కూడా చెప్పదు.

మరి మన పెళ్లిలో అసలు నాట్యమే లేదా? ఉండేది, బ్రహ్మాండంగా ఉండేది. అయితే ఇంటివాళ్లది కాదు, డబ్బిచ్చి పిలిపించిన మేళంది. ఉన్నవాళ్ల పెళ్లికి భోగంమేళం లేకపోతే పరువు తక్కువ. ఆట అన్న మాటకు మచ్చ అక్కడే పడింది. ఆటవెలది అంటే నర్తకి. ఆ పేరుగల ఛందస్సులో వేమన చెప్పిన పద్యాలను పిల్లలు బళ్లో అప్పజెప్పారు గాని, ఇంటి ఆడపిల్ల కాలు కదిపితే మాత్రం గడప దాటినంత గొడవ. ఇంగ్లీషువాళ్లు ఆ మేళాలను ‘నాచ్’ అన్నారు. అది హిందీ నాచ్, దాని వెనక ప్రాకృత ణచ్చ, దాని వెనక సంస్కృత నృత్యం. 1890ల్లో మద్రాసు రాష్ట్రంలో ఈ నాచ్ మీద ఉద్యమం లేచింది. మన వైపు వీరేశలింగం పంతులుగారు అంతకుముందు నుంచే మేళాలను దుయ్యబట్టేవారు. 1947లో దేవదాసీ వ్యవస్థను నిషేధిస్తూ మద్రాసు చట్టం వచ్చింది. మేళం పోయింది. దాంతోపాటు ఆ మేళపు స్త్రీల చేతుల్లో తరతరాలుగా నిలిచిన విద్య చాలా భాగం వీధిన పడింది. ఈ రెండో సంగతి మన సంస్కరణ చరిత్రల్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది.

తర్వాత చాలాకాలం పెళ్లిలో ఆట అంటే కుర్రకారు బరాత్. తెలంగాణలో అయితే ‘ఎగరడం’; డప్పు మీద మూడు దెబ్బల తీన్మార్ పడితే మేనమామలు కూడా ఎగురుతారు. తండ్రి ఎగరడు, అతనికి లెక్కలున్నాయి. ఇటీవల ఉత్తరాది ‘సంగీత్’ వచ్చింది. నాట్యానికి సంగీతమని పేరేమిటని పండితులు ముక్కు విరుస్తారు. పదమూడో శతాబ్దంలో శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో గీతం, వాద్యం, నృత్తం మూడూ కలిస్తేనే సంగీతం అన్నాడు. ఈ ఒక్క విషయంలో పండితుల కన్నా ఈవెంట్ మేనేజరే శాస్త్రానికి దగ్గరగా ఉన్నాడు.

శాస్త్రం మాట వచ్చింది గనుక, తండ్రి చేసేది నృత్తమా నృత్యమా? దశరూపకంలో ధనంజయుడు గీసిన గీత ప్రకారం తాళలయల మీద నిలిచేది నృత్తం, భావం మీద నిలిచేది నృత్యం. అరవై దాటి, మోకాళ్లకు పట్టీ కట్టుకుని, పాట ఒకవైపు తానొకవైపు కదిలే ఆయనది నృత్తమని భరతుడు దిగొచ్చినా ఒప్పుకోడు. నృత్యం అనడానికి మాత్రం ఏ లాక్షణికుడికీ అభ్యంతరం ఉండకూడదు.

1972లో వచ్చిన ‘గాడ్‌ఫాదర్’ సినిమా ఒక పెళ్లితో మొదలవుతుంది. బయట కూతురి పెళ్లి విందు. లోపల చీకటి గదిలో తండ్రి వరుసగా అర్జీలు వింటాడు, కూతురి పెళ్లిరోజున అడిగినవాణ్ని కాదనకూడదన్న సిసిలీ కట్టుబాటుకు లోబడి. అవన్నీ ముగిశాక ఎండలోకి వచ్చి కూతురితో వాల్ట్జ్ ఆడతాడు. వాల్ట్జ్ జర్మన్ మాట. దొర్లడం, గిరగిర తిరగడం అని అర్థం. దర్శకుడు కొప్పోలాకు తెలుగు రాదు గాని, చేయు ధాతువు నుంచి ఆడు ధాతువులోకి తండ్రి నడిచిన దూరాన్ని అంత స్పష్టంగా చూపినవాళ్లను నేను చూడలేదు.

ఈ నాట్యంలో నాకు కనిపించే అర్థం ఆ దూరమే. కూతురు పసిదిగా ఉన్నప్పుడు తండ్రి ఆమెను ఆడిస్తాడు. అది ప్రేరణార్థకం, కర్త తండ్రి, కర్మ కూతురు. పెంచుతాడు, చదివిస్తాడు, పెళ్లి చేస్తాడు, ఇస్తాడు, అప్పగిస్తాడు. ఏ వాక్యం తీసుకున్నా ఆమెకు ప్రథమా విభక్తి దక్కదు. ‘తండ్రీకూతుళ్లు ఆడారు’ అన్న వాక్యంలో ఇద్దరికీ ప్రథమా విభక్తి. ద్వంద్వ సమాసం, బహువచన క్రియ. పోట్లాటలాగే, మాట్లాడటంలాగే, ఒకరు చేయి వదిలితే ఆగిపోయే పని. ఒకరు ఇచ్చేదీ కాదు, ఒకరు పుచ్చుకునేదీ కాదు.

అయితే తెలుగు నుడికారం అంత తేలిగ్గా లొంగదు. ఆ హాల్లోంచి బయటికొచ్చిన అతిథులను అడిగి చూడండి: ‘వాళ్ల నాన్నగారు డాన్సు చేశారండీ, చాలా బాగా చేశారు’ అంటారు. చేయు ధాతువు మళ్లీ దొడ్డిదారిన వచ్చి ఆయన పక్కన కూర్చుంది. ఆడారు అంటే క్రికెట్టో పేకాటో అనుకుంటారని వాళ్ల జంకు. ఏటా బతుకమ్మ ఆడే ఊళ్లవాళ్లకు ఆ జంకు అక్కర్లేదు. ‘బిడ్డ పెండ్లిల నాయినా బిడ్డా ఆడిన్రు’ అని వాళ్లు నిక్షేపంగా అనొచ్చు. వ్యాకరణమూ వాళ్ల వైపే ఉంది.